గుండె మానిటర్ పక్కన కీబోర్డ్: ఎక్కువసార్లు నొక్కే కీ మీద అక్షరమే ఉండదు

కీబోర్డ్ రివ్యూ అంటే మనం ఇక్కడ ఏం మాట్లాడుకుంటామో మీకు తెలుసు. స్విచ్‌లు రెడ్డా బ్రౌనా, కీక్యాప్‌లు పీబీటీనా ఏబీఎస్సా, హాట్ స్వాప్ ఉందా, బ్యాటరీ ఎన్ని రోజులొస్తుంది. నేనూ అవే రాస్తుంటాను. ఆఫీసులో పక్క డెస్క్ వాళ్లు తిట్టుకునేంత సౌండ్ చేసే మెకానికల్ బోర్డ్ మీదే రోజూ కోడ్ కొడతాను. ఈసారి మాత్రం ఆ కొలతలు దాదాపుగా పనికిరాని కీబోర్డ్‌ల గురించి రాస్తున్నాను. ఈసీజీ మెషీన్ మీద, క్యాత్ ల్యాబ్ కంట్రోల్ రూమ్‌లో, సీసీయూ నర్సింగ్ స్టేషన్‌లో ఉండే కీబోర్డ్‌లు. వీటిని ఎవరూ సేల్‌లో డిస్కౌంట్ చూసి కొనరు. వాటిని వాడేవాళ్లు కూడా వాటిని ఎంచుకుని ఉండరు, మెషీన్‌తో పాటు వచ్చినవే.

వీటి మీద ఆసక్తి ఎలా వచ్చిందంటే, మా పెద్దమ్మ కొడుకు క్యాత్ ల్యాబ్ టెక్నీషియన్. ఒకసారి నా కొత్త బోర్డ్ ఫొటో ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే, అన్నయ్య తన డ్యూటీ కీబోర్డ్ ఫొటో పెట్టి "ఇది కూడా రివ్యూ చెయ్యరా" అన్నాడు. రంగురంగుల కీలు, వాటి మీద నాకు అర్థంకాని పొట్టి పేర్లు. సరే అని అడగడం మొదలుపెట్టాను.

క్యాత్ ల్యాబ్: నిజమైన మ్యాక్రో కీలు

క్యాత్ ల్యాబ్ అంటే యాంజియోగ్రామ్ చేసి, అవసరమైతే స్టెంట్ వేసే గది. డాక్టర్ లెడ్ యాప్రాన్ వేసుకుని పేషెంట్ పక్కన ఉంటారు. లెడ్ గ్లాస్‌కి ఇవతల కంట్రోల్ రూమ్. అక్కడ కూర్చున్న టెక్నీషియన్ ముందు స్క్రీన్ మీద ఈసీజీ గీతలు, రక్తపోటు వేవ్స్ పరిగెడుతుంటాయి. ఆ సాఫ్ట్‌వేర్‌ని హీమోడైనమిక్ రికార్డింగ్ సిస్టమ్ అంటారు. జీఈ వాళ్ల మ్యాక్-ల్యాబ్, సీమెన్స్ వాళ్ల సెన్సిస్ లాంటివి ఈ కోవలోవే.

ఇక్కడ రక్తపోటు అంటే చేతికి పట్టీ కట్టి చూసేది కాదు. సన్నటి ట్యూబ్‌ని, అంటే క్యాథెటర్‌ని, రక్తనాళం గుండా గుండె దాకా పంపి లోపలి ప్రెషర్‌నే కొలుస్తారు. క్యాథెటర్ కొన ఎక్కడుందో దాన్ని బట్టి లేబుల్ మారుతుంది: ఎడమ జఠరికలో ఉంటే ఎల్‌వీ, అయోర్టాలో ఉంటే ఏఓ. అన్నయ్య కీబోర్డ్ మీద రంగు కీలు చాలావరకు ఈ లేబుల్సే. పక్కన జీరో అని ఒక కీ, రికార్డ్ అని ఇంకో కీ.

మెనూలోకి వెళ్లి మౌస్‌తో క్లిక్ చేస్తే పోయేదానికి ప్రత్యేకంగా కీ ఎందుకు? అయోర్టిక్ వాల్వ్ సన్నబడిన పేషెంట్‌ని తీసుకోండి. డాక్టర్ క్యాథెటర్‌ని ఎల్‌వీలో పెట్టి, మెల్లగా వెనక్కి లాగి వాల్వ్ దాటించి అయోర్టాలోకి తెస్తారు. లోపల పై ప్రెషర్ 190 ఉండి, వాల్వ్ దాటగానే 120కి పడిపోయిందనుకోండి, ఆ 70 తేడాయే వాల్వ్ ఎంత బిగుసుకుందో చెప్పే లెక్క. ఈ లాగడం కొన్ని సెకన్ల పని. ఆ సెకన్లలో రికార్డింగ్ నడుస్తూ ఉండాలి, లేబుల్ ఎల్‌వీ నుంచి ఏఓకి మారాలి. ప్రెషర్‌కి ఏ లేబుల్ పడితే సాఫ్ట్‌వేర్ ఆ లెక్కే కడుతుంది. ఎల్‌వీ వేవ్‌కి ఏఓ అని లేబుల్ పడితే మెషీన్ నిర్మొహమాటంగా తప్పు సంఖ్య ప్రింట్ చేసేస్తుంది. వాల్వ్ మార్చాలా వద్దా అనే మాట ఇలాంటి సంఖ్యల మీద నడుస్తుంది.

జీరో కీ కథ ఇంకా బాగుంటుంది. ప్రెషర్ కొలిచే ట్రాన్స్‌డ్యూసర్‌ని పేషెంట్ గుండె ఎత్తులో అమర్చి, గాలికి తెరిచి, "ఇదే సున్నా" అని సిస్టమ్‌కి చెప్పడానికి ఆ కీ నొక్కుతారు. తర్వాత ఎవరో టేబుల్ ఎత్తు మార్చారు, లేదా ట్రాన్స్‌డ్యూసర్ క్లిప్ కిందికి జారింది. 10 సెంటీమీటర్లు జారితే రీడింగ్ దాదాపు 7 ఎంఎం హెచ్‌జీ ఎక్కువ చూపిస్తుంది. అయోర్టాలో 120కి బదులు 127 అంటే పెద్ద తేడా అనిపించదు. కానీ కుడి కర్ణికలో మామూలు ప్రెషరే ఒక అంకె దగ్గర ఉంటుంది. అక్కడ 7 కలిస్తే జబ్బు లేనివాళ్లకి జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. అంటే ఆ కీ నొక్కితే సరిపోదు, నొక్కే ముందు తలెత్తి గ్లాస్ అవతల చూడాలి. ఇది ఏ కీబోర్డ్ కంపెనీ స్పెక్ షీట్‌లోనూ రాయరు.

ఇవి కాక డాక్టర్ గట్టిగా చెప్పేవన్నీ లాగ్‌లోకి ఎక్కాలి. బెలూన్ ఎప్పుడు పెంచారు, ఎన్ని అట్మాస్ఫియర్ల ప్రెషర్, ఎన్ని సెకన్లు, ఏ మందు ఎంత ఇచ్చారు. ప్రతిదానికీ టైమ్‌స్టాంప్. మనం ప్రొడక్షన్ సర్వర్ పడిపోయినప్పుడు చూసే లాగ్ లాంటిదే, కాకపోతే ఇక్కడ సర్వర్ బదులు మనిషి.

"నీ స్పీడ్ టెస్టులు నాకు అక్కర్లేదురా. స్క్రీన్ మీంచి కళ్లు తీయకుండా కావాల్సిన కీ వేలికి తగలాలి, అంతే" అన్నాడు అన్నయ్య. ఆ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత వచ్చే విషయం దానికి సరిగ్గా అడ్డం తిరుగుతుంది.

తుడవాలంటే ఫీల్ పోతుంది, ఫీల్ కావాలంటే తుడవలేం

మంచం దగ్గర, ఈసీజీ మెషీన్ మీద ఉండే బోర్డ్‌లు ఎక్కువగా మెంబ్రేన్ లేదా సిలికాన్ పొర కప్పినవి. సందులు ఉండవు, కాబట్టి ఈసీజీ జెల్, సెలైన్, రక్తం ఏది పడినా ఒక్క తుడుపుతో పోతుంది. మ్యాన్ అండ్ మెషీన్, సీల్ షీల్డ్ లాంటి కంపెనీలు ఇలా కడిగేసే కీబోర్డ్‌లే అమ్ముతాయి. ఇబ్బంది ఏంటంటే, ఎంత చదునుగా ఉంటే అంత బాగా శుభ్రమవుతుంది, అంత తక్కువగా వేలికి తెలుస్తుంది. ఎఫ్, జే కీల మీద ఉండే చిన్న గీతలు కూడా కొన్నింటిలో చేతికి ఆనవు. పైగా నొక్కేది గ్లౌజ్ వేసుకున్న వేలు. అందుకే కంట్రోల్ రూమ్‌లో, అంటే పేషెంట్‌కి దూరంగా ఉన్నచోట, మామూలు కీల బోర్డ్‌లు ఇంకా బతికి ఉన్నాయి. నా ఉద్దేశంలో అదే సరైన రాజీ.

ఫోన్‌ల పుణ్యమా అని ఐపీ68 అంటే మనందరికీ తెలుసు. మెడికల్ కీబోర్డ్‌ల మీద కూడా ఐపీ65 నుంచి ఐపీ68 దాకా రాసి ఉంటుంది. ఐపీ65 అంటే దుమ్ము అస్సలు లోపలికి పోదు, పైపుతో నీళ్లు కొట్టినా తట్టుకుంటుంది. 67, 68 అయితే నీళ్లలో ముంచినా ఫర్వాలేదు. కానీ ఒక మెలిక ఉంది. ఐపీ పరీక్ష నీళ్లతో చేస్తారు. హాస్పిటల్‌లో తుడిచేది స్పిరిట్‌తో, బ్లీచ్‌తో. ఆ రసాయనాలకి ప్లాస్టిక్ పగుళ్లిస్తుందా, కీ మీద అచ్చు చెరిగిపోతుందా అన్నది ఐపీ నంబర్ చెప్పదు. కంపెనీ ఏయే క్రిమినాశకాలతో తుడవొచ్చని రాసిందో ఆ లిస్ట్ చూడాలి. ఫోన్‌లకి కూడా ఇదే వర్తిస్తుంది, ఐపీ68 ఉంది కదా అని శానిటైజర్‌తో స్నానం చేయించకండి.

మరి ఈ ప్రత్యేకమైన బోర్డ్‌లు తప్పనిసరా? 2006లో అమెరికాలోని నార్త్ కరోలినా యూనివర్సిటీ పరిశోధకులు ఒక పేపర్ ప్రచురించారు. హాస్పిటల్‌లో వాడుతున్న 25 మామూలు కీబోర్డ్‌ల మీద శాంపిల్స్ తీశారు. చర్మం మీద ఉండే కోయాగ్యులేజ్-నెగటివ్ స్టాఫిలోకాకస్ అన్ని బోర్డ్‌ల మీదా దొరికింది. ఆ తర్వాత రకరకాల క్రిమినాశకాలతో తుడిచి చూస్తే, అవన్నీ 95 శాతానికి పైగా బ్యాక్టీరియాని తీసేశాయి. ఉత్తి స్టెరైల్ నీళ్లతో తుడిచినా ఫలితం అదే! 300 సార్లు తుడిచాక కూడా కీబోర్డ్‌లు పాడవలేదు, అక్షరాలు చెరిగిపోలేదు. అంటే బోర్డ్ ఖరీదు కంటే తుడిచే చెయ్యే ముఖ్యం. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్స్‌లో పరీక్షించిన మెడిజెనిక్ అనే చదును కీబోర్డ్ తయారీదార్లు ఈ విషయం పట్టుకున్నారు: దాంట్లో తుడవాల్సిన టైమ్ రాగానే లైట్ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, తుడిస్తేనే ఆగుతుంది. నాకు ఈ కేటగిరీ మొత్తంలో నచ్చిన ఫీచర్ ఇదే.

ఇంకో చిన్న ఫీచర్, మామూలు బోర్డ్‌ల వాళ్లు కూడా కాపీ కొట్టొచ్చు: క్లీనింగ్ లాక్. పేషెంట్ ఫైల్ తెరిచి ఉండగా కీబోర్డ్ తుడిస్తే ఎన్ని కీలు నొక్కుకుంటాయో ఆలోచించండి. మంచి మెడికల్ బోర్డ్‌లలో ఒక కీ పట్టుకుంటే మిగతావి నిద్రపోతాయి, తుడిచాక మళ్లీ లేపాలి.

ఇంటికి ఒకటి కొందామా అంటే, వద్దు. టైపింగ్ రబ్బరు చెప్పు మీద టైప్ చేసినట్టు ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుండి రోజూ పాలు ఒలికిపోతుంటే అప్పుడు ఆలోచించండి.

ఈసీజీ మెషీన్: వయసు కూడా ఇన్‌పుటే

మన ఊళ్లలో చిన్న క్లినిక్‌లలో కనిపించే బీపీఎల్ కార్డియార్ట్ లాంటి సింగిల్ చానెల్ మెషీన్‌లలో పూర్తి కీబోర్డ్ అవసరమే ఉండదు. లీడ్ మార్చడానికి, పేపర్ నడపడానికి కొన్ని బటన్లు చాలు. పేరు, వయసు పెన్నుతో కాగితం మీద రాస్తారు. పెద్ద మెషీన్‌లలో మాత్రం పూర్తి కీబోర్డ్ ఉంటుంది, ఎందుకంటే అవి ఈసీజీని చదివి, ఇది నార్మల్, ఇది అనుమానం అని పైన రెండు లైన్లు రాసి ఇస్తాయి.

ఆ చదువుకి వయసు, ఆడా మగా అనేవి కూడా ఇన్‌పుట్‌లే. ఉదాహరణకి గుండె ప్రతి కొట్టుకోడానికి మధ్య విద్యుత్‌పరంగా కోలుకునే సమయాన్ని క్యూటీసీ అంటారు. మగవాళ్లలో 450 మిల్లీసెకన్లకి చేరితే ఎక్కువ అంటారు, ఆడవాళ్లలో ఆ హద్దు 460. చిన్నపిల్లల ఈసీజీ అయితే పెద్దవాళ్ల లెక్కలో చూస్తే జబ్బులాగే కనిపిస్తుంది. ఎమర్జెన్సీ హడావిడిలో ఫామ్ నింపకుండా స్టార్ట్ నొక్కేస్తే, లేదా ముందు పేషెంట్ వివరాలు అలాగే ఉండిపోతే, గీతలు సరిగ్గానే ఉంటాయి, పైన రాత తప్పుతుంది. ఫామ్ వాలిడేషన్ రాసేవాళ్లకి ఈ బాధ తెలుసు. ఖాళీ వదలనివ్వకపోతే ఎమర్జెన్సీలో ఆలస్యం, వదలనిస్తే తప్పు డేటా.

గంట బొమ్మ కీ

ఇక టైటిల్‌లో చెప్పిన కీ. మానిటర్ మీద, సెంట్రల్ స్టేషన్ కీబోర్డ్ మీద ఎక్కువ అరిగిపోయే కీ ఇదే. దాని మీద గంట బొమ్మ, గంటకి అడ్డంగా ఇంటూ గుర్తు.

పోయినేడాది నాన్నకి స్టెంట్ వేసినప్పుడు రెండు రాత్రులు సీసీయూలో ఉంచారు. విజిటింగ్ టైమ్‌లో నేను లోపలికెళ్లేసరికి పక్క బెడ్ మానిటర్ కూస్తోంది. సిస్టర్ వచ్చింది, స్క్రీన్ చూసింది, గంట కీ నొక్కింది, వెళ్లింది. రెండు నిమిషాలకి మళ్లీ కూత. మళ్లీ వచ్చింది. మూడోసారి ఆ బెడ్ తాలూకు పెద్దాయన లేచి ఆయనే నొక్కేశాడు. నేను చూస్తున్నానని గమనించి, "ఆవిడ నొక్కేది ఇదే కదా బాబూ, పాపం ఎన్నిసార్లు తిరుగుద్ది" అన్నాడు. సిస్టర్ పరుగున వచ్చి "అది మీరు ముట్టుకోకూడదండీ" అని, ఈసారి పేషెంట్ ఛాతీ మీద ఊడిపోతున్న ఎలక్ట్రోడ్ స్టిక్కర్ తీసి కొత్తది అంటించింది. కూత ఆగిపోయింది.

ఆ పెద్దాయనని తప్పుపట్టలేం. మనకి ఫోన్‌లో మ్యూట్ వేరు, డు నాట్ డిస్టర్బ్ వేరు, యాప్‌ని ఫోర్స్ స్టాప్ చేయడం వేరు. మానిటర్‌లో కూడా అంతే. ఆడియో పాజ్ అంటే కూత మాత్రమే కాసేపు ఆగుతుంది, స్క్రీన్ మీద అలారం వెలుగుతూనే ఉంటుంది, టైమ్ అయ్యాక మళ్లీ కూస్తుంది. అలారం పాజ్ అంటే కూతా ఉండదు, స్క్రీన్ మీద వెలుగూ ఉండదు, కాసేపటికి. ఆఫ్ అంటే ఎవరో ఒకరు వచ్చి ఆన్ చేసేదాకా అంతే సంగతులు. ఐఈసీ 60601-1-8 అనే అంతర్జాతీయ ప్రమాణం వీటికి గుర్తులు కూడా పెట్టింది. గంట మీద ఇంటూ చుక్కల గీతలతో ఉంటే శబ్దం తాత్కాలికంగా ఆపినట్టు, నిండు గీతలైతే పూర్తిగా ఆపినట్టు. గంట బదులు త్రిభుజం ఉంటే ఆపింది శబ్దం ఒక్కటే కాదు, అలారమే. చుక్కల గీతకి, నిండు గీతకి ఉన్న తేడా మీద ఇంత భారం వేయడం నాకైతే మంచి డిజైన్ అనిపించదు. అర్ధరాత్రి, ఆరడుగుల దూరం నుంచి, నిద్ర కళ్లతో చూసి చెప్పమనండి.

దీని పర్యవసానం ఒకటి రికార్డుల్లో ఉంది. 2010 జనవరిలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో 89 ఏళ్ల గుండె పేషెంట్ చనిపోయారు. గుండె వేగం పడిపోతూ ఉంది, కానీ మంచం దగ్గర మానిటర్‌లో క్రైసిస్ అలారం ఆఫ్‌లో ఉంది. సెంట్రల్ స్టేషన్‌లో చిన్న బీప్‌లు వచ్చాయి, కారిడార్ బోర్డ్‌ల మీద మెసేజ్ కదిలింది, డ్యూటీలో ఉన్న నర్సులెవరికీ అవి విన్నట్టు, చూసినట్టు గుర్తులేదు. ఎవరు ఆఫ్ చేశారో తేలలేదు. తర్వాత హాస్పిటల్ వాళ్లు చేసిన పనుల్లో ఒకటి, మానిటర్‌లలో అసలు ఆ ఆఫ్ ఆప్షన్‌నే తీసేయడం.

అదొక్కటే కాదు. అమెరికాలో హాస్పిటళ్లకి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2013 ఏప్రిల్‌లో హెచ్చరిక జారీ చేసింది. 2009 జనవరి నుంచి 2012 జూన్ దాకా అలారంలకి సంబంధించి 98 ఘటనలు తమకి చేరాయని, వాటిలో 80 మంది చనిపోయారని చెప్పింది. అదే హెచ్చరికలో ఇంకో సంఖ్య ఉంది: అలారంలలో 85 నుంచి 99 శాతం వాటికి ఎవరూ ఏమీ చేయాల్సిన అవసరమే ఉండదు. ఊడిన స్టిక్కర్, పక్కకి తిరిగి పడుకున్న పేషెంట్, బిగుతుగా పెట్టిన లిమిట్. మీ సర్వర్ రోజుకి వేయి వార్నింగ్ మెయిల్స్ పంపితే మీరేం చేస్తారు? ఫిల్టర్ పెట్టి ఫోల్డర్‌లోకి తోసేస్తారు. సిస్టర్ వేలు చేసేదీ అదే.

ఆఫ్ తీసేస్తే సగం పనే అయింది. కూతలు తగ్గవు, గంట కీ నొక్కడం ఇంకా పెరుగుతుంది. అదే బోస్టన్‌లో ఇంకో హాస్పిటల్, బోస్టన్ మెడికల్ సెంటర్, వేరే దారి పట్టింది. 24 పడకల కార్డియాక్ వార్డ్‌లో వాళ్లు కొత్త మానిటర్ కొనలేదు, కీబోర్డ్ మార్చలేదు, డిఫాల్ట్ సెట్టింగ్స్ మార్చారు. వేగం కాస్త పెరిగినా తగ్గినా చిన్నగా కూసి తనంతట తానే ఆగిపోయే వార్నింగ్ స్థాయిని తీసేసి, నిజంగా హద్దు దాటితే క్రైసిస్‌గా గట్టిగా కూసేలా, ఎవరో ఒకరు వచ్చి చూసేదాకా ఆగకుండా పెట్టారు. పేషెంట్‌ని బట్టి లిమిట్ మార్చే అధికారం నర్సులకి ఇచ్చారు. 2014లో ప్రచురించిన ఫలితం ప్రకారం వారానికి వినపడే అలారంలు సగటున 87,829 నుంచి 9,967కి పడిపోయాయి, అంటే 89 శాతం తగ్గుదల. నేను ఇప్పటిదాకా చూసిన కాన్ఫిగ్ మార్పుల్లో ఇంత పని చేసింది ఇంకోటి లేదు.

స్టిక్కర్ సంగతి కూడా చిన్నదేం కాదు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో రెండు యూనిట్లలో రోజూ ఎలక్ట్రోడ్‌లు మార్చి చూస్తే ఒక్కో బెడ్‌కి రోజుకి వచ్చే అలారంలు సగటున 46 శాతం తగ్గాయి.

కాబట్టి మీవాళ్లు ఎవరైనా సీసీయూలో ఉంటే, మానిటర్ కూసినప్పుడు గంట కీ మీద చెయ్యి వేయకండి, సిస్టర్‌ని పిలవండి. స్క్రీన్ మూలన అడ్డగీతల గంట గానీ త్రిభుజం గానీ చాలాసేపటి నుంచి అలాగే ఉంటే అది ఎందుకుందో అడగండి. ఒకే కూత పదే పదే వస్తుంటే, "లిమిట్ ఈ పేషెంట్‌కి తగ్గట్టు పెట్టారా" అని రౌండ్స్‌లో డాక్టర్‌ని అడగొచ్చు, అందులో మొహమాటం ఏమీ లేదు. స్టెంట్ తర్వాత నాన్నకి గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు మొదలుపెట్టారు. నిద్రపోతే వేగం 48కి దిగేది, మానిటర్‌లో కింది లిమిట్ 50. మొదటి రాత్రంతా కళ్లు మూసుకోగానే కూత, ఉలిక్కిపడి లేవగానే వేగం పెరిగి కూత బంద్. మర్నాడు పొద్దున రౌండ్స్‌కి వచ్చిన డ్యూటీ డాక్టర్ ట్రెండ్ గ్రాఫ్ చూసి, నాలుగు కీలు నొక్కి ఆయన బెడ్‌కి మాత్రం లిమిట్ 45 చేశారు. పట్టుమని పది సెకన్లు కూడా పట్టలేదు. రెండో రాత్రి నాన్న తెల్లారేదాకా నిద్రపోయారు.